జరగని క్లాసు

"రేపు పదకొండు గంటలకు విచారణకు ఆఫీసరమ్మ వస్తాది. రిజిస్టరు ముందర పెట్టి, ఈ సంతకం నీదేనా అని అడుగుతాది. అవును అని చెప్పల్ల. ఒక్క మాట. దానికి ఇంత రచ్చ ఎందుకు?" అన్నాడు భూపేష్.

నీలం అట్ట రిజిస్టరు భోజనాల బల్ల మీద, పప్పు గిన్నెకూ మజ్జిగ చెంబుకూ మధ్య తెరిచి ఉంది. వడ్డించిన కంచాలు వడ్డించినట్టే ఉన్నాయి.

పవిత్ర ఆ పేజీని మూడోసారి చదివింది. ప్రమాదకర సరుకుల శిక్షణ, లోడర్లకు. మార్చి పన్నెండు, పదమూడు. కింద ఆరుగురి పేర్లు, ఎదురుగా ఆరు సంతకాలు. అన్నిటికన్నా అడుగున, శిక్షణ ఇచ్చినవారు అన్న చోట, ఆమె పేరు, ఆమె సంతకం.

"ఇది నాది కాదు బావా."

"నీది కాదని నాకు తెల్దా? నీదని చెప్పమంటాండా."

అత్త నాగలక్ష్మమ్మ వంటింటి గడప మీద గరిటెతో నిలబడి ఉంది. "అన్నం చల్లారిపోతాంది. తినేసి కొట్లాడుకోండి" అంది. ఎవరూ కదల్లేదు.

పవిత్ర మామగారి వైపు తిరిగింది. "మామా, మీరు చెప్పండి. పన్నెండు, పదమూడు తేదీల్లో నేను యాడుంటి? బెంగళూరులో నా క్లాసులో కూచోని ఉంటి. మా సర్టిఫికెట్లు రెండేండ్లకు ఒకసారి కొత్తవి చేయించుకోవల్ల గదా. స్టేషన్‌కు తీసకపోయి నన్ను బండెక్కించింది మీరే."

నారాయణ కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పి ఇద్దరు కొడుకులను పైకి తెచ్చిన మనిషి. పెద్దకొడుకు భూపేష్ విమానాశ్రయం పక్కన కార్గో ఏజెన్సీ పెట్టిననాడు ఊరంతటికీ భోజనాలు పెట్టినవాడు.

"ఎక్కించినా" అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"తేదీలు ఎవరు చూస్తారు?" భూపేష్ గొంతు పెంచాడు. "ఆమెకు కావాల్సింది క్లాసు జరిగిందా, లేదా? జరిగింది అంటే ఫైలు మూసేస్తాది. తప్పు లోడరుది అయితాది."

"లోడరుది!"

"కాదా? క్లాసు విన్నోడు పొగ వచ్చే పెట్టెను చేతుల్తో పట్టుకుంటాడా? నిర్లక్ష్యం అని మెమో కూడా ఇచ్చినాం."

పవిత్రకు ఒళ్ళు మండింది. ఎనిమిది రోజుల కిందట ఏజెన్సీ షెడ్డులో ట్రాలీ మీద నుంచి ఒక అట్టపెట్టె జారి కిందపడింది. దాని మీద మందు కొట్టే యంత్రం విడిభాగాలు అని రాసి ఉంది. లోపల ఉన్నవి డ్రోన్ బ్యాటరీలు. బాగా తెలిసిన డీలరు పంపిన పెట్టె కదా అని, ఏముందో అడగకుండానే భూపేష్ తీసుకున్నాడు. పడిన నిమిషానికి పెట్టెలోంచి పొగ మొదలైంది. లోడరు యేసుప్రసాద్ దాన్ని రెండు చేతులతో బయటికి ఈడ్చాడు. చేతులు మోచేతుల దాకా కాలిపోయాయి.

"క్లాసు వాళ్ళకు చెప్పిందెవరు బావా? జనవరి నుంచి నేను అడుగుతానే ఉండా. రెండు దినాలు ఆరుమందినీ కూచోబెట్టండి, నేను చెప్తానంటే, చామంతుల సీజను అయిపోనీ అంటిరి. చామంతులు అయిపోతే మామిడి అంటిరి. ఏజెన్సీలో ఆ క్లాసు చెప్పే అర్హత ఉండేది నాకొక్కదానికే. నా నోటితో చెప్పని క్లాసును నా పేరు మింద రాసుకుంటిరి."

"షెడ్డు మూతబడితే మిగిలిన ఐదుమందీ రోడ్డున పడరామ్మా?" అంది నాగలక్ష్మమ్మ. అందులో కోపం లేదు, నిజంగానే అడిగింది. "వాళ్ళకూ పిల్లాజెల్లా ఉండారు. ఒక్కని కోసం..."

"ఆ ఒక్కడు పెట్టెను బయటికి ఈడ్చకపోయింటే ఆ ఐదుమందీ లోపలే ఉండిపోతుండ్రి అత్తా."

నాగలక్ష్మమ్మ గరిటె దించింది.

పవిత్ర సంతకం మీద వేలు పెట్టింది. "నా సంతకంలో అడుగున గీత ఉండదు. ఈడ ఉండాది. ఈ గీత గీసే చెయ్యి ఎవరిదో కూడా నాకు తెలుసు. పెండ్లి పత్రికల మింద నా పేరు రాసినప్పుడూ ఇట్లే గీసినాడు."

మూల తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్న ఆమె భర్త చంద్రమోహన్ కొళాయి కట్టేయలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. చాలాసేపటికి నారాయణే లేచి వెళ్ళి దాన్ని తిప్పి వచ్చాడు.

పైగదిలో ఫ్యాను వేడిగాలిని తిప్పుతోంది. చంద్రమోహన్ మంచం అంచున కూర్చున్నాడు. పవిత్ర తలుపు దగ్గరే నిలబడింది.

"ఎప్పుడు పెట్టినావు?"

"ఏప్రిల్లో. లైసెన్సు రెన్యువల్‌కు కాయితాలు పంపల్ల అన్నాడు అన్న. నువ్వు జ్వరంతో పండుకోని ఉంటివి. లేపలేక..."

"లేపలేక!"

"ఎట్లాగూ నువ్వు క్లాసు చెప్తావు కదా అనుకున్నా. ఎనక జరిగేది ముందే జరిగినట్టు రాసినా. అంతే. నేనేమన్నా దొంగతనం చేసినానా పవిత్రా?"

"లోడర్ల సంతకాలు?"

అతను కిటికీ వైపు తిరిగాడు. కింద రోడ్డు మీద సిమెంటు లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. కిటికీ చువ్వల మీది బూడిదరంగు దుమ్ము సన్నగా రాలింది.

"నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదప్పా?"

"చెప్తే చింపేస్తావని."

"చింపేస్తాంటి. నిజమే."

చంద్రమోహన్ తలెత్తాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "మగ్గం నేసేవాళ్ళ పిల్ల ఈ ఇంటికి వద్దన్నప్పుడు నాయన మింద గొంతు లేపింది ఎవరు? ఊరు ఊరంతా ఒకవైపు ఉంటే నీ పక్కన నిలబడింది ఎవరు? ఈపొద్దు నేను నిన్ను అడిగేది ఒక్క మాట. నేను జైలుకు పోతే నీకు సంతోషమా?"

ఆ మాట పవిత్రకు గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు కనబడనివ్వలేదు.

"ఆపొద్దు నా పక్కన నిలబడిన మనిషి శానా ధైర్యమున్నోడు. ఆయన యాడికి పోయినాడో నేనూ ఎతుకుతాండా. కనపడితే చెప్పు" అంది.

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. భోజనాల బల్ల మీద అన్నం అలాగే ఉంది. గుమ్మంలో నారాయణ అడ్డం రాలేదు, ఎక్కడికని అడగలేదు. ఆమె గేటు దాటేదాకా చూసి, ఫోను తీసి, ఎమ్మిగనూరులోని వియ్యంకుడి నంబరు నొక్కాడు.

కడప ఆస్పత్రిలో కాలిన గాయాల వార్డు మేడ మీద ఉంది. వరండాలోనే యేసుప్రసాద్ భార్య రమణి ఎదురైంది. పవిత్రను చూసి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఎందుకొచ్చినావు? మెమో చాల్లేదా?" కొంగులోంచి నాలుగు మడతల కాగితం తీసి మొహం ముందు ఆడించింది. "నర్సమ్మతో చదివించుకున్నా. శిక్షణ పొందియుండియు నిర్లక్ష్యముగా వ్యవహరించినందున అని రాసినారు. శిక్షణ ఇచ్చింది నువ్వంట. యాడ ఇచ్చినావు? ఎప్పుడిచ్చినావు? మా ఆయప్ప రెండు దినాలు క్లాసులో కూచుంటే మధ్యాన్నానికి క్యారియరు కట్టే నాకు తెల్దా?"

"ఇయ్యలేదు రమణీ."

రమణి చెయ్యి ఆగింది.

"ఇయ్యలేదు. ఆ సంతకం నాది కాదు."

"ఈ మాట నాకు చెప్తే నేనేం చేసుకోవల్ల? రేపు ఆ ఆఫీసరమ్మ ముందర చెప్తావా?"

"చెప్తా."

"మీ ఇంటోళ్ళ షెడ్డు."

"చెప్తా అంటాండా కదా."

రమణి నమ్మలేదు. కాని పక్కకు జరిగింది.

యేసుప్రసాద్ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గుడ్డలు చుట్టిన రెండు చేతులూ రెండు దిండ్ల మీద, తనవి కానట్టు ఉన్నాయి. ముప్పయ్యైదేళ్ళ మనిషి. యాభై కిలోల పూలబుట్టను ఒంటిచేత్తో ఎత్తి ట్రాలీలో పెట్టేవాడు. పవిత్రను చూసి లేవబోయాడు.

"మేడమ్, నా పేరు ఎదురుగా సంతకం పెట్టింది నేనే. రమణికి చెప్పినా. చంద్రన్న ఒక దినం కాయితం తెచ్చి, యూనిఫారాలకురా, పెట్టండి అన్నాడు. ఆరుమందిమీ పెట్టినాం. యూనిఫారాలు రాలేదు."

పవిత్ర స్టూలు లాక్కుని కూర్చుంది. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఆ రెండు దిండ్లను చూశాక ఎటో పోయాయి.

యేసుప్రసాదే అడిగాడు. "మేడమ్, ఒగటి అడుగుతా. ఆ క్లాసులో ఏం చెప్తారు?"

"ఏంది?"

"అదే, మీరు చెప్తామన్న క్లాసు. పెట్టెలో పొగ వస్తే ఏం చేయల్లో అందులో ఉంటాదా?"

"ఉంటాది. ముట్టుకోకూడదు. ముందు నువ్వు దూరం పోవల్ల, పక్కనోళ్ళను దూరం తీసకపోవల్ల. గట్టిగా అరిచి అందరికీ చెప్పల్ల. ఫైరువాళ్ళకు ఫోను చేయల్ల. ఆ పొగ విషం, పీల్చకూడదు. సరుకు పోతే పోయింది."

"సరుకు పోతే పోయిందని మీరు చెప్తారా, క్లాసులో?"

"మొదటి మాటే అది."

"ఇంగ?"

"మంట ఆరిపోయినట్టు కనపడినా దగ్గరికి పోకూడదు. బ్యాటరీ మంట ఆరినట్టే ఆరి మళ్ళా లేస్తాది. ఒగటి ఆరితే పక్కది అంటుకుంటాది."

యేసుప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు. "ఆరిందనే కదా నేను రెండోతూరి పట్టుకున్నా" అన్నాడు.

రమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పండి మేడమ్. ఇంగా చెప్పండి."

పవిత్ర చెప్పింది. బ్యాటరీలున్న పెట్టె మీద ఎర్రగీతల అంచుతో ఒక గుర్తు ఉండాలని, మధ్యలో మంటపట్టిన బ్యాటరీ బొమ్మ ఉంటుందని గాలిలో వేలితో గీసి చూపించింది. యంత్రం లేకుండా ఉత్త బ్యాటరీలే అయితే ప్రయాణికులు ఎక్కే విమానంలో సరుకుగా పోనే పోకూడదని చెప్పింది. పెట్టె కిందపడినా, మూల నలిగినా, తడిసినా, ఉబ్బినా ఎక్కించకుండా పక్కన పెట్టి పైవాళ్ళకు చెప్పాలని, పైవాళ్ళు ఫరవాలేదు ఎక్కించు అన్నా ఎక్కించనని చెప్పే హక్కు లోడరుకు ఉందని చెప్పింది. పక్క మంచం మీది ముసలాయన కూడా ఇటు తిరిగి వింటున్నాడు.

ఆమె ఆగాక యేసుప్రసాద్ భార్య వైపు చూశాడు. "ఎంతసేపు పట్టింది రమణీ?"

"పావుగంట కూడా కాలా" అంది రమణి.

"పావుగంట."

నర్సు వచ్చి మందు సమయమైందని చెప్పింది. పవిత్ర లేస్తుంటే యేసుప్రసాద్, "ఇదంతా రెండు దినాల క్లాసు అంటిరి కదా మేడమ్. మిగిలింది నా చేతులు మానినాక చెప్పల్ల" అన్నాడు.

"చెప్తా. నువ్వు, మిగతా ఐదుమంది. ఈతూరి నిజం రిజిస్టరులో" అంది పవిత్ర.

పొద్దు వాలుతుండగా ఆమె ఇల్లు చేరింది. వరండాలో, చెప్పులు విడిచిన చోటికి దగ్గరగా, బెంచీ కొసన తండ్రి చౌడప్ప కూర్చుని ఉన్నాడు. పక్కన గుడ్డసంచి. ఆయన ఈ ఇంటికి రావడం పెళ్ళయ్యాక ఇది రెండోసారి.

"నాయినా! ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడేమ్మా. ఫోను రాంగానే మగ్గం మింద నుంచి లేసి వచ్చినా. డోన్‌లో బండి మారి వచ్చేసరికి ఈ పొద్దాయె. శానా ఎండ."

నారాయణ లోపలి నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వెనకే భూపేష్. చంద్రమోహన్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. నాగలక్ష్మమ్మ అందరికీ టీ తెచ్చింది. చౌడప్పకు ఇచ్చిన గ్లాసు మిగతావాటి లాంటిదే. అది చూసి పవిత్ర ఊపిరి పీల్చుకుంది.

"చౌడప్పా, నేను కోపంతో పిలిపించలేదు" అన్నాడు నారాయణ. "మీ పాప తెలివైనది. ఆ తెలివికే మేము కాదనకుండా తెచ్చుకున్నాం. కాని ఈ ఇంట్లో ఉంటా ఈ ఇంటి మిందనే చెప్తానంటాది. మీరొక మాట చెప్పండి."

చౌడప్ప టీ గ్లాసు నేల మీద పెట్టాడు. కూతురి వైపు చూడకుండానే మొదలుపెట్టాడు.

"పాపా, పెద్దోళ్ళు చెప్తాండారు. వినమ్మా. నువ్వు ఈడ బతకల్ల. మాకు ఎదురుగా నిలబడే శక్తి లేదు. ఒక్క మాటే కదా, సరే అనేయి. ఫోను వచ్చినకాడ నుంచి మీ అమ్మ ఏడుస్తాంది."

పవిత్రకు ఇంతవరకూ రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. తుడుచుకోలేదు.

"అమ్మకు చెప్పు నాయినా, ఏడవద్దని. నేను సరే అనను."

"చూసినారా" అన్నాడు భూపేష్.

"అనను బావా. మా నాయిన చెప్పినా అనను, మీరు చెప్పినా అనను. మా అమ్మ వచ్చి కాళ్ళు పట్టుకున్నా అనను. వార్డులో ఆ మనిషి చేతులు చూసి వచ్చినా. ఒక్కరన్నా పోయి చూసినారా ఈ ఇంట్లో నుంచి? మెమో ఇచ్చేదానికి మటుకు మనిషిని పంపినారు."

నాగలక్ష్మమ్మ పెద్దకొడుకు మొహంలోకి చూసింది. "పోలేదారా నువ్వు? పోయొచ్చినా అంటివే నాతో?"

భూపేష్ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నారాయణ టీ చల్లారే దాకా గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు.

చౌడప్ప చివరి బండికి బయల్దేరాడు. ఉండమని నాగలక్ష్మమ్మ రెండుసార్లు అడిగింది, ఆయన ఉండలేదు. గేటు దాకా పవిత్ర వెళ్ళింది. రోడ్డు మీదికి వచ్చాక ఆయన ఆగాడు.

"వాళ్ళు చెప్పమన్నది చెప్పినా పాపా. పిలిచినారు, మాట పోకూడదని చెప్పినా."

"తెలుసు నాయినా."

"ఆ పిల్లోని చేతులు ఎట్ల ఉండాయి?"

"మానతాయంట. కుడిచేతి వేళ్ళు మటుకు ముందరిలెక్క ముడుసుకోవు అంటాండారు డాక్టర్లు."

యాభై ఏళ్ళుగా మగ్గం మీద నాడె ఆడించిన మనిషి తన కుడిచెయ్యి గుడ్డసంచి కింద పెట్టుకున్నాడు.

"అయితే మన ఇంటి తలుపు తీసే ఉంటాది" అన్నాడు. వెనక్కి చూడకుండా స్టేషన్ వైపు నడిచాడు.

మరునాడు పదకొండుకు ఇంకా ఐదు నిమిషాలు ఉందనగానే విచారణాధికారి వచ్చేసింది. యాభై దాటిన మనిషి. నూలు చీర, చేతిలో తోలు సంచి. షెడ్డు అంతా ఒకసారి తిరిగి, సిమెంటు నేల మీద నల్లగా మిగిలిన మచ్చ దగ్గర కాసేపు నిలబడి, ఆఫీసు గదిలోకి వచ్చి కూర్చుంది. ఆమెకు ఎదురుగా పవిత్ర. పక్కన గోడవార కుర్చీల్లో భూపేష్, చంద్రమోహన్.

"మార్చి పన్నెండు, పదమూడు తేదీల్లో ఈ ఆరుగురికీ మీరు శిక్షణ ఇచ్చారా?"

"ఇయ్యలేదు మేడమ్."

భూపేష్ ముందుకు వంగాడు. "మేడమ్, ఆమెకు ఈ మధ్య ఒంట్లో బాగలేక..."

"మీ వంతు వచ్చినప్పుడు మీరు చెబుదురుగాని" అంది అధికారి, అతని వైపు చూడకుండా. "ఇయ్యలేదని ఎలా చెప్పగలరు?"

పవిత్ర తన సర్టిఫికెట్ బల్ల మీద పెట్టింది. "ఆ రెండు దినాలు నేను బెంగళూరులో నా క్లాసులో ఉండా. తేదీలు చూడండి. హాజరు ఆడ అడిగితే చెప్తారు."

అధికారి చూసింది. రాసుకుంది. "మరి ఈ సంతకం?"

"నాది కాదు. అంతకు ముందు ఇంకోటి రాసుకోండి మేడమ్. జనవరి నుంచి ఈ క్లాసు పెట్టండని నేను అడుగుతానే ఉండా. కాని నోటితోనే అడిగినా. ఇంట్లో వాళ్ళకు కాయితం ఇచ్చేదేంది అనుకున్నా. క్లాసు లేనోళ్ళు సరుకు ముడుతాండారని తెలిసీ నేను పైకి రాసి పంపలేదు. అది నా తప్పు."

అధికారి కలం ఆపింది. "ఇది రాస్తే మీ అర్హత మీదికి కూడా వస్తుంది. తెలిసే చెబుతున్నారా?"

"తెలిసే చెప్తాండా. రాయండి."

భూపేష్ ఊపిరి గట్టిగా వదిలాడు. అతను ఇలాంటిది ఊహించలేదు. తమ మీద చెబుతుందని రాత్రంతా అనుకున్నాడు గాని, తన మీద తానే చెప్పుకుంటుందని అనుకోలేదు.

అధికారి ఆ వాక్యం పూర్తిగా రాసి, తల ఎత్తింది. "ఈ సంతకం ఎవరు చేశారో మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎవరు?"

పవిత్ర గోడవారకు తిరిగింది. "ఆయన ఈ గదిలోనే ఉండాడు మేడమ్. ఆయనే చెప్తే బాగుంటాది. చెప్పకుంటే నేను చెప్తా."

చంద్రమోహన్ రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నాడు. మెల్లగా లేచాడు. పెదవులు తడుపుకున్నాడు.

"మేడమ్, ఆ సంతకం..."

"నాది" అన్నాడు భూపేష్.

అందరూ అతని వైపు తిరిగారు. భూపేష్ తమ్ముడి మోచెయ్యి పట్టుకుని కిందికి లాగాడు, చిన్నప్పుడు లారీ ముందుకు పరిగెత్తబోతే లాగినట్టు. "నేనే పెట్టినా మేడమ్. రెన్యువల్ తొందరలో. మా తమ్మునికి ఏమీ తెల్దు. ఏజెన్సీ నాది, తప్పు నాది. రాసుకోండి."

చంద్రమోహన్ నోరు తెరిచే ఉంది. ఒక క్షణం అన్న మొహంలోకి, ఒక క్షణం భార్య మొహంలోకి చూశాడు. ఆ తరవాత కూర్చున్నాడు.

అధికారి రాయడం మొదలుపెట్టి, సగంలో ఆపి, పవిత్ర వైపు చూసింది. "మీకు తెలుసు అన్నారు కదా. ఈయనదేనా?"

అవునంటే చాలు. యేసుప్రసాద్ మీది నింద పోతుంది. భర్త జైలు తప్పించుకుని ఇంటికి వస్తాడు. బావ తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. ఎవరూ ఆమెను తప్పుపట్టరు. ఇంట్లో అందరూ అడిగిన ఆ ఒక్క మాటే, వేరే రూపంలో మళ్ళీ ఆమె ముందుకు వచ్చి నిలబడింది.

"కాదు మేడమ్" అంది పవిత్ర, కూర్చుండిపోయిన చంద్రమోహన్ మీద నుంచి చూపు తిప్పకుండా.